పదకొండో ప్రార్థనాంశం

మా ఆయన ఆ మాట అన్నది భస్మ బుధవారం ఆరాధనలో, మా నుదుళ్ళ మీద బూడిద సిలువలు ఇంకా చెరగకముందు. అప్పటికి ఉజ్వలను డాలస్ ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి పంపేసి తొమ్మిది రోజులైంది.

డాలస్ పక్కనున్న కాపెల్ ఊళ్ళో మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. అమెరికన్ల చర్చి వెనక ఉన్న హాలును ఆదివారం మధ్యాహ్నాలు, బుధవారం సాయంత్రాలు మాకు ఇస్తారు. పద్నాలుగేళ్ళ కిందట మా గరాజులో ఐదు కుటుంబాలతో మొదలైన సంఘం ఇప్పుడు నూట ఇరవై మంది. పాస్టరు గారు చిన్నవారు, వాక్యం బాగా చెబుతారు. కానీ ఏదైనా తేలాల్సి వస్తే అందరూ చూసేది సంఘ పెద్ద వైపు. ఆ పెద్ద మా ఆయన, దైవాశీర్వాదం.

ఆయన ప్రార్థన వినడానికి వేరే ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. గాలిలో మాటలు కలిపి చేసే ప్రార్థన కాదది. "సోమవారం ఉదయం పది గంటలకు హైదరాబాదులో వీసా ఇంటర్వ్యూకి నిలబడబోతున్న నీ కుమారుడు" అని, "ఎడమ మోకాలికి రెండోసారి ఆపరేషన్ చేయించుకుంటున్న నీ కుమార్తె" అని వివరంగా చెప్పేవారు. "దైవాశీర్వాదం గారు ప్రార్థిస్తే దేవుడు అడ్రసు వెతుక్కోనక్కర్లేదు" అని పాస్టరు గారు నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

ఉజ్వలది నరసాపురం దగ్గర పల్లె. ఇక్కడ మాస్టర్స్ చివరి సెమిస్టర్. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికే భోజనానికి వచ్చేది. చెప్పకుండానే గిన్నెలు తోమి, పెద్ద పళ్ళెం కింద, చిన్నది పైన, వరసగా ఆరబెట్టేది. అలా పెట్టేవాళ్ళంటే నాకిష్టం. జనవరిలో వాళ్ళ నాన్న పోయాడు. సమాధి చేసి, నెలకర్మ దాకా కూడా ఆగకుండా తిరిగి వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆపేశారు. ఇంటికి చేరాక మా ఆయనకు ఫోన్ చేసి, "వాళ్ళ దగ్గర కాగితం ఉంది అంకుల్. నేను కర్రీ పాయింట్‌లో చేస్తున్నానని, ఏ రోజులు, ఏ టైము, అన్నీ రాసి ఉన్నాయి" అంది. స్టూడెంట్ వీసా మీద బయట పని చేయకూడదు. అది అందరికీ తెలుసు. చేసేవాళ్ళు ఎందరో కూడా అందరికీ తెలుసు.

"ఎవరిచ్చారమ్మా ఆ కాగితం?" అని ఆయన అడిగితే, "తెలీదంకుల్" అని ఫోన్ పెట్టేసింది.

ఆ బుధవారం ప్రకటనలయ్యాక ఆయన లేచారు. మైకు ఇవ్వబోతే వద్దన్నారు. ఆయన గొంతుకు మైకు ఎప్పుడూ అక్కర్లేదు.

"తండ్రిని మట్టిచేసి వచ్చిన పిల్లని పద్నాలుగు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి వెనక్కి పంపారు," అన్నారు. "ఆ పిల్ల పనిచేసే గంటలతో సహా వివరాలన్నీ వాళ్ళ చేతిలో ఉన్నాయి. ఆ వివరం ఈ హాల్లో ఉన్నవాళ్ళకి తప్ప బయటివాళ్ళకి తెలీదు. ఇచ్చినవాళ్ళు ఈస్టర్‌లోగా తమంతట తాము లేచి చెప్పాలి. చెప్పకపోతే నేను కనుక్కుంటాను. కనుక్కున్నాక వాళ్ళు ప్రభువు బల్ల దగ్గరికి వచ్చి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి వీల్లేదు. వాళ్ళకి ఎవరూ వందనాలు చెప్పకూడదు. వాళ్ళింట్లో ప్రార్థన కూటం పెట్టకూడదు. వాళ్ళు నా ఇంటివాళ్ళయినా సరే."

అందరూ ఆమెన్ అన్నారు. క్వయర్ వరసలో నిలబడి నేనూ అన్నాను. తర్వాత పాట అందుకున్నాం.

మర్నాడు ఆయన ఆఫీసుకు, మా అమ్మాయి ఫెబీ స్కూలుకు వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నెలనెలా సంఘం ప్రార్థనాంశాలను ఇంగ్లీషులో రాసి మా వెబ్ పేజీలో పెట్టే పని నాది. మాకు హాలు ఇచ్చిన అమెరికన్లు తాము కూడా మా కోసం ప్రార్థిస్తామని అడిగితే మొదలుపెట్టింది. గుంటూరులో ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. చేసినదాన్ని, ఇరవై ఏళ్ళుగా ఇంటిపట్టున ఉన్నదాన్ని, ఆ కాగితాన్ని శ్రద్ధగా చేసేదాన్ని. ఆయన ప్రార్థనలో చెప్పిన వివరాల్లో ఒక్కటి కూడా జారనిచ్చేదాన్ని కాదు.

మార్చి కాగితం మొదలుపెట్టే ముందు పాతవి ఒకసారి చూసుకోవడం నాకు అలవాటు. నవంబరుది తెరిచాను.

పదకొండో అంశం: సిస్టర్ ఉజ్వల. సంఘంలో ఉజ్వలలు ఇద్దరున్నారని ఇంటిపేరు కూడా రాశాను. తరగతులయ్యాక సోమవారం నుంచి శుక్రవారం వరకు, సాయంత్రం ఐదు నుంచి పది దాకా, ఇర్వింగ్‌లో ఫలానా కర్రీ పాయింట్‌లో, అనుమతి లేకపోయినా, చదువు పూర్తి చేసుకోవడం కోసం కష్టపడుతున్నది. అధికారుల కళ్ళ నుంచి ప్రభువు ఆమెను దాచాలని ప్రార్థించండి. కాగితం చివర, తయారు చేసినవారు: సిస్టర్ విమలకుమారి.

అధికారుల నుంచి దాచమని, అధికారులు చదివే భాషలో రాశాను.

రాసిన రోజు కూడా గుర్తుంది. ఐదింటి నుంచో ఆరింటి నుంచో అనుమానమొచ్చి ఉజ్వలకే ఫోన్ చేశాను. "ఐదు నుంచి ఆంటీ. ఎందుకు?" అంది. "ఊరికేనమ్మా" అన్నాను. ప్రార్థన అనుకున్నాను గానీ, అది ఎవరైనా తీసి చదవగల కాగితమని నాకు తోచలేదు.

ఆ అంశం తీసేశాను. తీసేస్తే మధ్యలో నంబరు ఖాళీగా కనిపిస్తుందని పన్నెండును పదకొండు చేశాను. తర్వాత లేచి పప్పు నానబోశాను.

ఆ సాయంత్రం చెబుదామనే అనుకున్నాను. ఆయన వచ్చి, షూ విప్పుతూ, "ఎవడో దొరుకుతాడు విమలా. దొరక్కపోడు" అన్నారు. ఆయన ముఖం చూశాను. చాలా ఏళ్ళ తర్వాత అంత హుషారుగా ఉన్నారు.

ఆ వసంతంలో ఫెబీ స్కూల్లో ఒక నాటకం వేస్తున్నారు. ప్రాచీన గ్రీకు విషాద నాటకాల పద్ధతిలో వాళ్ళ డ్రామా టీచరు సొంతంగా రాసింది. ఫెబీది దూత వేషం. హాల్లో అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పట్టేది.

"ఏం చేస్తాడు మీ దూత?" అని అడిగాను.

"లోపల అందరూ చచ్చిపోతారు కదా మమ్మీ, వాడు బయటికి వచ్చి చెప్తాడు. స్టేజ్ మీద చంపరు. ఓన్లీ చెప్తారు."

"మరి ఆ పక్కన నిలబడే గుంపు?"

"కోరస్. వాళ్ళు మొత్తం చూస్తారు. పాడతారు. అయ్యో ఇలా చెయ్యొద్దు అంటారు. బట్ ఏం చెయ్యరు."

మా ఆయన సోఫాలోంచి, "గట్టిగా చెప్పమ్మా. వెనక వరసలో ముసలమ్మకి వినపడాలి" అన్నారు.

"డాడీ, ఐ హావ్ ఎ మైక్."

"మైకు ఉంటే గొంతు అక్కర్లేదా?"

"వాళ్ళలో విలన్ ఎవరు?" అని నేనడిగాను. డిగ్రీలో ఈ నాటకాల గురించి ఒక పాఠం ఉండేది. పరీక్ష రాసి మరిచిపోయాను.

ఫెబీ కొంచెం ఆలోచించింది. "విలన్ లేడు మమ్మీ. దే ఆర్ గుడ్ పీపుల్. జస్ట్ టూ ష్యూర్."

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా సాగే శ్రమదినాల్లో రోజుకొక ఇంట్లో కూటం ఉంటుంది. ప్రార్థన అయ్యాక పేపరు ప్లేట్లలో పులిహోర, చికెన్ కూర పట్టుకుని అందరూ నిలబడి మాట్లాడుకుంటారు. ఆయన ఒక్కొక్కరినీ పక్కకు తీసుకెళ్ళి అడిగేవారు. మీకెవరి మీదైనా అనుమానం ఉందా, ఉజ్వలతో ఎవరికైనా మాట తేడా వచ్చిందా అని. మూడు వారాలు తిరిగేసరికి ఒక పేరు తేలింది. అంకిత. ఉజ్వలతో ఒకే గదిలో ఉన్న పిల్ల. ఇద్దరికీ దీపావళి రోజుల్లో గొడవైందట.

శనివారం పొద్దున అంకితను మా ఇంటికి పిలిపించారు. ఆ పిల్ల సోఫా చివర కూర్చుంది. నేను టీ, బిస్కెట్లు పెట్టాను.

"గొడవ దేనికమ్మా?" అన్నారు ఆయన మెత్తగానే.

"కూర వాసన అంకుల్. తను పని నుంచి వచ్చి బట్టలు కుర్చీ మీద వేసేది. నా దుప్పటికి కూడా వాసన పట్టేది. అందుకని అన్నాను. ఎవరైనా అంటారు కదా."

"తన టైమింగ్స్ అన్నీ నీకు తెలుసు."

"అందరికీ తెలుసంకుల్. మీరే కదా ప్రార్థనలో చెప్పింది."

నా చేతిలో ట్రే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అలాగే నిలబడ్డాను. ఆ మాటతో అంతా అయిపోయిందనుకున్నాను. అయిపోతే బాగుండుననీ అనుకున్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ప్రార్థనలో చెప్పింది దేవుడికమ్మా. మనుషులకి కాదు."

"నేనెవరికీ చెప్పలేదంకుల్. తను నా ఫ్రెండ్. ఇప్పటికీ వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాను."

"మంచిది. తేలేదాకా మాత్రం బల్ల దగ్గరికి రాకు."

అంకిత కళ్ళు తుడుచుకుంది. ఆయన వైపు కాదు, నా వైపు తిరిగింది. "ఆంటీ, మీరైనా చెప్పండి."

"బిస్కెట్ తీసుకోమ్మా," అన్నాను.

ఆ పిల్ల ఒక బిస్కెట్ తీసుకుంది. తినలేదు. సాసర్ అంచున పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నుంచి కూటాల్లో ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఎవరూ ఆమెను తిట్టలేదు, ఏమీ అనలేదు. వందనాలు చెప్పే చేతులు మాత్రం ఆమె దాకా వచ్చి పక్కవాళ్ళ మీదికి జరిగిపోయేవి. నా చెయ్యి కూడా.

నేను ప్రయత్నం చేయలేదని కాదు. ఒకరోజు గరాజులో, డ్రయ్యర్లోంచి తీసిన దుప్పటి చెరొక కొసా పట్టుకుని మడత పెడుతుండగా అన్నాను. "ఇంక వదిలేయండి. ఆ పిల్ల ఎలాగూ తిరిగి రాలేదు."

"రాలేదు కాబట్టే వదలకూడదు."

"కనుక్కుని ఎవరిని బాగుచేస్తారు?"

"నేను ఆ పిల్లకి మాటిచ్చాను విమలా. వాళ్ళ నాన్న ఫోన్లోనే పిల్లని నా చేతుల్లో పెట్టాడు. 'అయ్యా, మీరున్నారని పంపిస్తున్నా' అన్నాడు. ఆ మనిషి ఇప్పుడు లేడు. నేనెవరికి జవాబు చెప్పను?"

"ఒక్కోసారి తెలియకపోవడమే మేలండీ."

దుప్పటి రెండు కొసలూ కలిపేందుకు ఇద్దరం దగ్గరికి వచ్చాం. ఆయన తన కొసలు నా చేతికివ్వకుండా ఆగారు. "నీకేమైనా తెలుసా?"

తెలుసు అంటే సరిపోయేది. ఒక్క మాట. దాని తర్వాత వచ్చేవన్నీ ఆయన చూసుకునేవారు. ఆయనది అలాంటి మనసు. కానీ నూట ఇరవై మంది ముందు ఆయన అన్న మాట నా ఇంటివాళ్ళయినా సరే అని. ఆయన మాట తప్పే మనిషి కాదు. తప్పమని అడిగే ధైర్యం నాకు లేదు.

"నాకేం తెలుస్తుంది," అన్నాను. ఆయన కొసలు నా చేతికిచ్చారు.

నాటకం ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు వేశారు. పిల్లలు తెల్ల దుప్పట్లు చుట్టుకుని, అట్టతో చేసిన ముఖాలు పెట్టుకుని వచ్చారు. కథ ఒక రాజుది. దేవతల ముందు ఏదో ప్రతిజ్ఞ చేస్తాడు. దాన్ని నిలబెట్టుకోవడంలో ఇల్లంతా పోతుంది. వద్దని చెప్పినవాళ్ళందరి మీదా కోప్పడతాడు. చివర ఫెబీ పరుగెత్తుకొచ్చి లోపల జరిగింది చెప్పింది. తడబడకుండా, ఏడవకుండా చెప్పింది. నా పక్కన కూర్చున్న అమెరికన్ ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

కార్లో వస్తుంటే మా ఆయన, "బాగా చేశావమ్మా. ఆ రాజు కూడా నచ్చాడు నాకు. అన్నాడు, నిలబడ్డాడు" అన్నారు.

"దట్స్ నాట్ ద పాయింట్, డాడీ."

"మరేంటి?"

"ఒక్కసారి ఆగి వినొచ్చు కదా. అందరూ చెప్తున్నారు. హీ జస్ట్ వుడంట్ లిజెన్."

"వింటే కథే ఉండదు కదే," అని ఆయన నవ్వారు. ఫెబీ నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదికి, ఆరాధనకు ఇంకా చాలా సమయం ఉండగా, ఆయన వంటింట్లో టేబుల్ దగ్గర కూర్చుని ఉజ్వలకు ఫోన్ చేశారు. అక్కడ ఆదివారం సాయంత్రం. నేను దోశలు పోస్తున్నాను. ఫెబీ తింటోంది. ఆయన స్పీకర్‌లో పెట్టారు.

"వందనాలు అంకుల్."

"వందనాలమ్మా. అమ్మ ఎలా ఉంది?"

"ఉంది అంకుల్. నేను ఇక్కడ స్కూల్లో చెప్తున్నాను. నాలుగో తరగతికి."

"మంచిదమ్మా. చూడు, అంకిత ఒప్పుకోవడం లేదు. ఈస్టర్ వచ్చేస్తోంది. నువ్వు ఒక్క మాట చెబితే..."

"అంకిత ఎందుకు ఒప్పుకోవాలంకుల్?"

"ఆ అమ్మాయే కదా..."

"అంకిత కాదంకుల్."

ఆయన ఫోన్ దగ్గరికి వంగారు. "మరెవరు?"

అటునుంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"వదిలేయండి అంకుల్."

"అంటే నీకు తెలుసు."

"మీ ఇంట్లో అన్నం తిన్నాను. నన్ను అడక్కండి."

"అన్నం తిన్నదానివి కాబట్టే అడుగుతున్నాను. మీ నాన్న నిన్ను నాకు అప్పజెప్పాడు. చెప్పమ్మా. ఆ కాగితం ఎవరిచ్చారు?"

నేను పెనం మీద పిండి పోసి అలాగే నిలబడ్డాను. ఆపొచ్చు. ఫోన్ లాక్కోవచ్చు. గరిటె కింద పడేయొచ్చు. ఏదీ చేయలేదు.

"ఎవరూ ఇవ్వలేదంకుల్," అంది ఉజ్వల. "ఆఫీసరు నా పేరు కంప్యూటర్లో కొట్టాడు. వచ్చింది. ప్రింటు తీసి నా ముందు పెట్టాడు. పైన సిలువ బొమ్మ ఉంది, మన సంఘం పేరు ఉంది. పదకొండో నంబరు నాది. మీ ప్రార్థనేనంకుల్. మీరు ఆ రోజు చేసినట్టే ఉంది, ఇంగ్లీషులో. కింద ఆంటీ పేరు."

ఆయన ఫోన్ మీది నుంచి తలెత్తి నా వైపు చూశారు.

"ఆంటీ అక్కడే ఉన్నారా?" అని అడిగింది. కాసేపు చూసి, "ఉంటాను అంకుల్, వందనాలు" అని పెట్టేసింది.

ఆయన లేచి వచ్చి స్టవ్ ఆపారు. పెనం మీద దోశ నల్లబడి పొగ వస్తోంది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"భస్మ బుధవారం మర్నాటి నుంచి."

"అంకిత ఇక్కడ కూర్చున్నప్పుడు?"

"తెలుసు."

"నేను గరాజులో అడిగినప్పుడు?"

"తెలుసు."

ఫెబీ "మమ్మీ" అంది. ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టి, మెట్లెక్కి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆయన అరిచి ఉంటే బాగుండేది. ఆ రోజు మట్టలు పట్టుకుని పిల్లలంతా హాలు చుట్టూ తిరుగుతుంటే ఆయన కూడా వాళ్ళ వెనకే నడిచారు. మంగళవారం సాయంత్రం నా దగ్గరికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పారు. "శుక్రవారం నేను లేచి చెబుతాను. నా నోటి సంగతి నేను చెబుతాను. నీ చేతి సంగతి నువ్వే చెప్పుకోవాలి. నీ పేరు మాత్రం నా నోట రాదు."

"నన్ను కూడా వెలివేస్తారా?"

"నేనా?" అన్నారు. "నేనెవరినింక వెలివేయడానికి?"

ఆ వారమంతా ఫెబీ నాతో ఒక్కసారే మాట్లాడింది. బట్టల గదిలో నా తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "యూ హావ్ టు స్టాండ్ అప్, మమ్మీ. డాడీతో పాటు" అంది.

"నేనూ లేస్తే మనిల్లు ఏమవుతుందో ఆలోచించావా? నీ చదువు ఉంది. రేపు నీకో సంబంధం..."

"డోంట్ పుట్ ఇట్ ఆన్ మీ," అంది. "అంకితకి ఒక్క సారీ చెప్పు చాలు."

"చెబుతాను," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు మాట్లాడాలి. నాలుగోది ఏటా ఆయనదే. ఆయన లేచి ముందుకు వెళ్ళారు. చేతిలో కాగితం లేదు.

"నేను కనుక్కుంటానని మీ అందరి ముందూ అన్నాను," అన్నారు. "కనుక్కున్నాను. అది నేనే. నవంబరులో ఉజ్వల కోసం ప్రార్థన చేశాను. ఆ పిల్ల ఎక్కడ పనిచేసేదీ, ఎన్నింటికి చేసేదీ అందులో చెప్పాను. నేను చెప్పిందే కాగితం మీదికి వెళ్ళింది, ఆ కాగితమే వాళ్ళకి దొరికింది. అంకిత నిర్దోషి. ఆమెకు నేను చేసింది పాపం. భస్మ బుధవారం నేనన్న మాటలు నాకు వర్తిస్తాయి."

ఆ రోజు ఆయన గొంతు వెనక వరసకు వినపడలేదు. "ఏమన్నారు, ఏమన్నారు" అని వెనక ఎవరో అడుగుతున్నారు. అంకిత రాలేదు. అప్పటికే ఇర్వింగ్‌లో వేరే చర్చికి వెళుతోందని తర్వాత తెలిసింది.

పాస్టరు గారు "అన్నయ్యా, అలా కాదు" అంటూ చేతులు చాచారు. మా ఆయన తన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నడవ మధ్యలోంచి నడిచి, తలుపు పక్కనున్న ఆఖరి కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు ఏడుస్తున్నారు. కాగితం మీదికి ఎవరు ఎక్కించారని ఎవరూ అడగలేదు. ఏళ్ళ తరబడి ప్రతి నెలా కింద నా పేరు ఉన్నా, దాన్ని చదివినవాళ్ళు మాలో లేరు.

మూడో వరసలోంచి ఫెబీ పూర్తిగా వెనక్కి తిరిగి క్వయర్ వైపు చూసింది. నా వైపు. ఇదే సమయం అని ఇద్దరికీ తెలుసు. నా పక్కన పాడే సిస్టర్ రష్మి పాటకు శ్రుతి ఇచ్చింది. నేను పుస్తకంలోకి చూశాను. ఆ పాట నాకు పుస్తకం అక్కర్లేనంతగా వచ్చు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆయన ఇప్పటికీ ఆదివారం తప్పకుండా వస్తారు. ఆఖరి కుర్చీలోనే కూర్చుంటారు. ఎవరు వందనాలు చెప్పినా తల వంచుతారు గానీ చెయ్యి కలపరు. ఆ రోజు నుంచి ఆయన నోటి వెంట ప్రార్థన విన్నవాళ్ళు లేరు, ఇంట్లో అన్నం ముందు కూడా. కళ్ళు మూసుకుంటారు, పెదవులు కదలవు, కళ్ళు తెరిచి తింటారు. ఎవరైనా ఫోన్ చేసి "మా అబ్బాయి వీసా కోసం కాస్త ప్రార్థించండి" అంటే, "పేరు చెప్పకండి" అని పెట్టేస్తారు. ఉజ్వలకు ఆయన రెండు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. నేను రాయలేదు. ఫెబీ దూరంగా కాలేజీలో చేరింది. వాళ్ళ నాన్నకు ఫోన్ చేస్తుంది. ఆయన "ఊ" అంటూ వింటారు. నేను తీసుకుంటే, "ఇజ్ డాడీ దేర్?" అంటుంది.

నాతో ఆయన కోపంగా లేరు. కాఫీ ఇస్తే తీసుకుంటారు. టైరులో గాలి చూస్తారు. ఎప్పుడు చెబుతావని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్నని మొదట్లో అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం మానేశాను.

ఆ శుక్రవారం తర్వాత వచ్చిన ఈస్టర్ నాడు హాలంతా తెల్ల లిల్లీలు పెట్టారు. వాక్యం అయ్యాక బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. వరస తర్వాత వరస లేచి ముందుకు వెళుతోంది. ఆఖరి కుర్చీలో ఆయన కదల్లేదు. ఫెబీ మూడో వరసలోంచి లేచింది. ముందుకు వెళుతుందనుకున్నాను. వెనక్కి నడిచి ఆయన పక్కన కూర్చుంది.

క్వయర్ వరస లేచింది. నేనూ లేచాను. నా ముందున్నావిడ వెనక్కి తిరిగి నా మోచెయ్యి పట్టుకుని, "ఎంత భారం మోస్తున్నారు సిస్టర్ మీరు" అంది. వెనకున్నావిడ నా వీపు నిమిరింది. వాళ్ళిద్దరి మధ్య అడుగులో అడుగు వేస్తూ ముందుకు జరిగాను. కాలు నొప్పి అని పక్కకు తప్పుకోవచ్చు. మంచినీళ్ళకని బయటికి వెళ్ళొచ్చు. అలా చేసినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

నన్ను చూడగానే పాస్టరు గారి కళ్ళు చెమర్చాయి. "విమలకుమారి గారూ" అని మెల్లగా పేరు పెట్టి పిలిచి రొట్టె ముక్క అందించారు. చిన్నప్పుడు మా అమ్మ నేర్పినట్టు ఎడమ చేతి మీద కుడి చెయ్యి పెట్టి చాచాను. అందుకున్నాను. మెత్తగా ఉంది. నమిలి మింగాను. ద్రాక్షరసం గ్లాసు తీసుకుని తాగి, ఖాళీది ట్రేలో దాని గుంటలో సరిగ్గా పెట్టి, వెనక్కి చూడకుండా నా చోటికి వెళ్ళి నిలబడ్డాను.